మార్ల్‌బరో మట్టిదిబ్బ

బాబాయ్,

పాత కోటలంటే మీకు ప్రాణం కదా, అందుకే ఈ వింత ముందు మీకే రాస్తున్నాను. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో మార్ల్‌బరో అనే ఊరుంది. అక్కడి కాలేజీ ఆవరణలో భవనాల పక్కనే 19 మీటర్ల ఎత్తున చెట్లు కమ్మిన మట్టిదిబ్బ ఉంది. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లు ఊరూరా ఇలాంటి దిబ్బలు పోసి, పైన బురుజులు కట్టుకున్నారు. ఇక్కడా రాజుల కోట ఉండేది. మూడో హెన్రీ కాలంలో, 1267లో, ఇక్కడ చేసిన చట్టంలో కొంత భాగం నేటికీ అమల్లో ఉంది. కోట పోయాక దొరలు దిబ్బ చుట్టూ మెలికల బాట వేసి తోటగా మార్చుకున్నారు. కోట ఉండేది కాబట్టే చాలామంది దీన్ని నార్మన్ల పనే అనుకున్నారు. ఊరివాళ్ళ కథ వేరు: ఆర్థర్ రాజు కొలువులోని మాంత్రికుడు మెర్లిన్ సమాధి ఇదేనట.

1912లో లోపల దుప్పి కొమ్ము ముక్కలు దొరికినప్పుడే ఇది నార్మన్లకన్నా పాతదేమోనని కొందరికి అనుమానం తగిలింది. 2010లో పైనుంచి అడుగుదాకా సన్నని గొట్టాలు దించారు, ధాన్యం బస్తాలో గొట్టపు చువ్వ గుచ్చి గింజ చూసినట్టు. పైకొచ్చిన మట్టిలో బొగ్గు నలుసులున్నాయి. వాటి వయసు లెక్కకడితే క్రీ.పూ. 2400 ప్రాంతం! నార్మన్లు వచ్చేనాటికే దిబ్బకు మూడువేల నాలుగొందల ఏళ్ళ పైమాట.

మరి ఎందుకు పోసినట్టు? ఎనిమిది కిలోమీటర్ల దూరంలో అదే కాలపు సిల్బరీ దిబ్బ ఇంకా పెద్దది. సమాధికా అంటే, దానిలో 1776లో పైనుంచి గొయ్యి, 1849లోనూ 1968లోనూ పక్కనుంచి సొరంగాలు తవ్వినా సమాధి జాడే లేదు. కాపలాకా అంటే, చుట్టూ ఎత్తైన గుట్టలుండగా కెన్నెట్ ఏటి పల్లంలో ఎవరు పోస్తారు? నాకు తోచేది ఒకటే. రెండూ దఫదఫాలుగా పెరిగినవి. తాతలు మొదలెట్టినదానికి మనవలు మట్టి మోసి ఉంటారు. ఎంత ఎత్తు లేచిందన్నదానికన్నా అందరూ కలిసి మోయడమే వాళ్ళకు పుణ్యమై ఉంటుంది.

మన అమరావతి దీపాలదిన్నె తలుచుకుని మనసు కలుక్కుమంది. ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బలోని బౌద్ధ స్తూపాన్ని తవ్వేశారు. దాని శిల్పాలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కళ్ళారా చూశాను. ఇక్కడివాళ్ళు సన్నని రంధ్రాలతోనే దిబ్బ వయసు తెలుసుకున్నారు. పాత దిబ్బను అలాగే అడగాలి.

యార్క్‌షైర్‌లో స్కిప్సీ కోటదిబ్బనూ నార్మన్లదే అనుకున్నారు. 2016లో అది క్రీ.పూ. 500 నాటిదని తేలింది. రేపు అక్కడికే ప్రయాణం. చూసి మళ్ళీ రాస్తాను.