పెద్దర్ రోడ్డు నుంచి ఒక బొమ్మల ప్రయాణం

ముంబయిలో మహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్ళే మన తెలుగు కుటుంబాలకు పెద్దర్ రోడ్డు కొత్త కాదు. కాగితాల మీద అది డాక్టర్ గోపాలరావు దేశ్‌ముఖ్ మార్గ్. టాక్సీవాలాకు మాత్రం పాత పేరు చెబితేనే సులువు. ఆ రోడ్డు మీద, ఫిలిమ్స్ డివిజన్ ఆవరణలో గుల్షన్ మహల్ అనే పాత బంగళా ఉంది. ఆ బంగళాతో పాటు పక్కన కట్టిన కొత్త భవనంలో 2019 జనవరి 19న జాతీయ భారతీయ సినిమా మ్యూజియం ప్రారంభమైంది. పిల్లలకోసం అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం కూడా ఏర్పాటు చేశారు. సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళే తల్లిదండ్రులు దారిలో వాళ్ళకు ఒక పెద్దాయన కథ చెబితే బాగుంటుంది. ఆయన పేరు రామ్ మోహన్.

1931లో పుట్టిన ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివారు. పై చదువుకని బొంబాయి వచ్చి, మనసు బొమ్మల వైపు లాగడంతో 1956లో ఫిలిమ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరారు. అక్కడ శిక్షణ ఇవ్వడానికి వచ్చినవారు డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్. ఈయన మన దేశంలోనే పుట్టిన మిషనరీ దంపతుల బిడ్డ కావడం విశేషం. ఆయన ఆధ్వర్యంలో జాతక కథ ఆధారంగా 1957లో ‘బన్యన్ డీర్’ తయారైంది.

ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో పిల్లలకు లెక్క కట్టి చూపించండి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 కావాలి. పారదర్శకమైన షీటు మీద ముందువైపు గీతలు గీసి, వెనుకవైపు రంగులు నింపి, వెనుక దృశ్యం మీద పెట్టి ఒక్కొక్కటే ఫొటో తీయాలి. కంప్యూటర్ రాకముందు ఇదంతా చేతిపనే.

1968లో ఆయన ఉద్యోగం వదిలి ప్రసాద్ ప్రొడక్షన్స్ యానిమేషన్ విభాగానికి అధిపతి అయ్యారు. ఏలూరు ప్రాంతం నుంచి బొంబాయి వచ్చి ‘ఆలం ఆరా’లో చిన్న వేషం వేసిన మన ఎల్.వి.ప్రసాద్ గారి సంస్థే అది. 1972లో రామ్ మోహన్ సొంత సంస్థ పెట్టారు. కార్టూన్ చిత్రానికి పెట్టుబడి పెట్టేవారు అరుదైన రోజులవి. ప్రకటనల చిత్రాలు, సినిమాల్లో చిన్న చిన్న బొమ్మల ఘట్టాలు చేస్తూ ఆ విద్యను నిలబెట్టారు. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’లోనూ, సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లోనూ ఉన్న బొమ్మల ఘట్టాలు ఆయన చేతివే.

తరువాత యునిసెఫ్ కోసం ‘మీనా’ వచ్చింది. బడికి పంపని ఆ పిల్ల తన చిలుక మిఠూను బడికి పంపి లెక్కలు నేర్చుకుంటుంది. అన్నదమ్ములకు పెద్ద ముక్క, ఆడపిల్లకు చిన్న ముక్క పెట్టే ఇంటి అలవాటును ఇంకో కథ ప్రశ్నిస్తుంది. భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్ దేశాల్లో ఎవరు చూసినా “మా పిల్లే” అనుకునేలా మీనా ముఖాన్ని, దుస్తులను తీర్చడం చిన్న సంగతి కాదు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష మాట్లాడే మనకు ఆ కష్టం తెలుసు.

జపాన్‌కు చెందిన యుగో సాకో ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ తలపెట్టినప్పుడు, విదేశీయులు రాముణ్ణి కార్టూన్‌గా చూపడమేమిటని అభ్యంతరాలు వచ్చాయి. చిత్రం పని జపాన్‌లో సాగింది. ధోవతి ఎలా కట్టాలి, పెద్దల కాళ్ళకు పిల్లలు ఎలా మొక్కాలి అన్నవి కూడా మనవాళ్ళు దగ్గరుండి చూపవలసి వచ్చింది. దర్శకుల్లో ఒకరిగా రామ్ మోహన్ పేరు ఉన్న ఆ చిత్రం 2025 జనవరి 24న కొత్త హంగులతో, తెలుగు మాటలతో కూడా మన థియేటర్లకు వచ్చింది. దాన్ని చూడటానికి ఆయన లేరు. 2014లో పద్మశ్రీ అందుకుని, 2019 అక్టోబరులో కన్నుమూశారు.

తెలుగు అక్షరాలు రాని మన పిల్లలు ఎందరో ఉన్నారు. వారికి చెవి ద్వారా తెలుగు అందించడానికి ఇలాంటి చిత్రం మంచి సాయం. అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టి చూపించండి. అర్థం కాని మాట వచ్చినప్పుడు అడగడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మాట అప్పుడే వాళ్ళదవుతుంది.