చోర్ బజారులో తాతగారి గ్రామఫోను

బొంబాయి వెళ్ళినవాళ్ళు గేట్‌వే చూస్తారు, ఎలిఫెంటా గుహలు చూస్తారు, సముద్రపుటొడ్డున కూర్చుని బఠాణీలు తిని తిరిగొస్తారు. మేమిద్దరం మాత్రం కిందటి డిసెంబరులో ఒక నల్ల పెట్టెను దుప్పటిలో చుట్టుకుని, విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. దారి పొడుగునా దానిని పక్కమీద పెట్టుకుని, మేము ఓ మూలకు ఒదిగి కూర్చున్నాము. పెట్టెలో ఏముందని పక్కవారు అడిగితే చెప్పాము. తర్వాత షోలాపూరు వరకూ మాటలకు కొదవ లేకపోయింది.

అది మా తాతగారి హెచ్.ఎం.వి. 101 నంబరు గ్రామఫోను. 1925లో బయటికి వచ్చిన రకం. మూత వేస్తే చేతిపెట్టె, మూత తీస్తే సంగీతం. కరెంటు అక్కరలేదు; పక్కనున్న హేండిలు తిప్పి కీ ఇస్తే చాలు. భోంగా కూడా పెట్టె లోపలే ముడుచుకుని ఉంటుంది. మా ఇంట్లో దానికి ఎనిమిది ప్లేట్లు మిగిలాయి. వాటిలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు ప్లేటు అంటే మా అమ్మకు ప్రాణం. ఎనభై మూడేళ్ళ అమ్మ, “కళ్ళు ఎలాగూ పోతున్నాయి, చెవులు ఉండగానే ఒక్కసారి అది సరిగ్గా వినిపించండిరా” అన్నది. మా ప్రయాణానికి కారణం అదే.

సరిగ్గా అని ఎందుకన్నదంటే, అది పాడుతూనే ఉంది. కానీ ఫిడేలు జలుబు చేసిన మనిషి మూలిగినట్టుండేది. మధ్య మధ్య పెట్టెలోంచి ‘దబ్’మని చప్పుడు, వెంటనే రాగం ఒక కుదుపు. మా ఊళ్ళో ఒకాయన బాగుచేస్తానని తీసుకుని మోటారులో కుట్టుమిషను నూనె పోశాడు, సౌండ్ బాక్సుకు సైకిలు ట్యూబు సొల్యూషన్ పూశాడు. ఆయన పేరెందుకు గాని, దానితో మూలుగుకు బుర్‌మనే శబ్దం కూడా తోడైంది.

మేము చేరినది గురువారం. శుక్రవారం ఉదయమే ఆత్రంగా శాండ్‌హర్స్ట్ రోడ్డు స్టేషనులో దిగి నడిచి వెళ్ళాము. తీరా చూస్తే పాతసామాను దుకాణాలుండే మటన్ స్ట్రీటులో తలుపులన్నీ మూసి ఉన్నాయి! అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు తెల్లవారుజామునే రోడ్డుమీద వేరే సంత జరుగుతుంది. పాత చెప్పులు, ఫోను ముక్కలు, తాళంచెవులు గుట్టలుగా పోసి అమ్ముతారు. పెట్టెను గుండెకు హత్తుకుని ఆ జనంలోంచి బయటపడేసరికి మా పని అయిపోయింది.

శనివారం మళ్ళీ వెళ్ళాము. ఓడల దీపాలు, గడియారాలు, పాత సినిమా పోస్టర్లు దాటుకుంటూ పోతే, మెట్లకింద మంచమంత చోటులో గ్రామఫోనులు బాగుచేసే పెద్దాయన కనిపించారు. అందరూ చాచా అంటున్నారు కాబట్టి మేమూ అలాగే పిలిచాము. తెలుగువాళ్ళమని తెలియగానే, “కామాఠీపురా ఇక్కడికి దగ్గరే, మీవాళ్ళు కట్టిన ఊరు” అన్నారు. నిజమే. నిజాం సీమనుంచి వచ్చిన కామాఠీ కూలీల పేరే ఆ పేటకు నిలిచిపోయింది.

అక్కడికి చేరేలోపే ఒక దుకాణదారు మమ్మల్ని ఆపాడు. ఎనిమిది పలకల పెట్టె, దానిపై తళతళలాడే ఇత్తడి భోంగా, ముందు హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ ఉన్న యంత్రం చూపించి, “మీది ఇచ్చేసి ఇది పట్టుకెళ్ళండి, వీధి చివరకు వినిపిస్తుంది” అన్నాడు. నిజం చెప్పొద్దూ, మా మనసు ఊగింది. చాచాను అడిగితే నవ్వారు. ఆ పెట్టె నిన్నటిది, భోంగా మొన్నటిది, మోటారు మాత్రం మనలాంటివారి పెట్టెల్లోంచి ఊడదీసినదట. మా తాతగారి పెట్టె అలా ముక్కలై ఎవరింటి హాలులోనో అలంకారంగా మిగిలేదన్నమాట!

చాచా ముందు సౌండ్ బాక్సు విప్పారు. అరచేతిలో ఇమిడే ఆ గుండ్రటి డబ్బాలో పలుచని అభ్రకపు బిళ్ల ఉంటుంది. అభ్రకమంటే మన గూడూరు గనుల్లో దొరికేదే. ముల్లు గాడిలో కదిలితే ఆ కదలిక చిన్న కడ్డీ ద్వారా బిళ్లకు చేరుతుంది. బిళ్ల ఊగి గాలిని ఊపుతుంది. బిళ్ల అంచు రెండు మెత్తని రబ్బరు గొట్టాల మధ్య కూర్చోవాలి. మా దానిలో రబ్బరు ఎండి కొయ్యలా అయింది. ఇక బిళ్ల ఊగేదెక్కడ? ఆయన కొత్త రబ్బరు కోసి అమర్చి, కడ్డీ బిళ్లను తాకేచోట తేనెమైనం చుక్క వేశారు. చేయి మలుపు తిరిగే కీలు దగ్గర గాలి పోకుండా చిక్కని గ్రీజు రాశారు. ఆ సందులోంచే మంద్రస్వరాలు కారిపోతాయట. ధ్వని పెంచడానికి కొత్తగా ఏదో తగిలించాలనుకున్నాము గాని, ఉన్నది పోకుండా కాపాడడమే అసలు పని అని తెలియలేదు.

స్ప్రింగు విప్పేటప్పుడు మమ్మల్ని దూరంగా నిలబడమన్నారు. కీ పూర్తిగా దించకుండా విప్పితే చెయ్యి తెగుతుంది; ఆయన బొటనవేలి మీద మచ్చే సాక్ష్యం. లోపల గ్రీజు తారులా గడ్డకట్టింది. స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని, ఒక్కసారిగా విడిపోయినప్పుడే ఆ ‘దబ్’ శబ్దం. వేగాన్ని అదుపులో పెట్టే మూడు గుండ్ల గవర్నరును కిరసనాయిలుతో కడిగారు. దాని తోలు మెత్తకు రెండు చుక్కల నూనె చాలన్నారు.

మేము ఎంతో సంబరపడుతూ ద్వారంవారి ప్లేటు తీసి ఇచ్చాము. చాచా దానిని వెలుగుకు అడ్డంగా వంచి చూసి, ఏమీ అనకుండా మాకిచ్చారు. నల్లని ప్లేటుమీద మధ్య మధ్య బూడిదరంగు పట్టీలు. “ముల్లు ఎన్నాళ్ళకు మారుస్తారు?” అని అడిగారు. మేము ముఖముఖాలు చూసుకున్నాము. ఒక్క ముల్లుతో ఒక సంక్రాంతినుంచి మరో సంక్రాంతివరకు లాగిన ఘనులం మేము.

లక్కతో చేసే ఈ ప్లేట్లలో రాతిపొడి కలుపుతారు. ఉక్కు ముల్లు అరిగి గాడి ఆకారానికి సరిపోవాలనే అలా చేస్తారు. ఒకవైపు మూడు నిమిషాలు పాడేసరికి ముల్లు మొన ఉలిలా తయారవుతుంది. దానినే రెండోవైపు పెడితే పాట వినడం కాదు, చెక్కేయడమే. పైగా సౌండ్ బాక్సు బరువు వంద గ్రాములపైనే ఉంటుంది. “యంత్రాన్ని నేను చేయగలను. గాడిని ఎవరూ తిరిగి చేయలేరు, భాయ్‌సాబ్” అన్నారాయన. మాలో ఒకరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికో చెప్పము.

మంగళవారం పెట్టె చేతికొచ్చింది. చాచా తన హిందీ ప్లేటు ఒకటి వేసి వినిపించారు. గాయని ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది! మాది మాత్రం వేయనివ్వలేదు. “మిగిలినది మీ అమ్మగారికి ఉంచండి” అన్నారు. రెండు డబ్బాల కొత్త ముళ్లు ఇచ్చారు, డబ్బాకు రెండు వందలు. లావు ముల్లు గట్టిగా పలుకుతుంది, సన్న ముల్లు మెల్లగా పలుకుతుంది. అరిగిన ప్లేటుకు సన్నదే వాడమన్నారు.

ఇంటికొచ్చాక ప్లేటు కింద కాగితపు ముక్క దోపి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాము. నిమిషానికి డెబ్భై ఎనిమిది రావాలి. మొదట డెబ్భై రెండు వచ్చాయి. మర తిప్పి సరిచేశాము. అప్పుడు అమ్మను కూర్చోబెట్టి సన్న ముల్లు దించాము. బూడిద పట్టీల దగ్గర బుస్సుమంటూనే ఉంది. ఆ బుస్సులోంచే ఫిడేలు, జలుబు వదిలిన గొంతుతో, ఇంటి మధ్యకు నడిచి వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేసింది.

రెండోవైపు తిప్పి, పాత ముల్లు తీసి కొత్తది బిగిస్తుంటే అమ్మ కళ్ళు తెరిచింది.

“ఇప్పుడేగా పెట్టారు. అంతలోనే మార్చడమేమిటర్రా, ముళ్ళేమైనా ఊరికే వస్తున్నాయా?”