అడిగిందొకటి... చెప్పేదొకటి!

సినిమా హీరోలకే వీరాభిమానులుంటారని ఎవరన్నారు? కంప్యూటర్లో వాడే సాఫ్ట్‌వేర్లకీ ఉంటారు. కటౌట్లు కట్టరు, పాలాభిషేకాలు చేయరు. అంతే తేడా. నమ్మకం లేకపోతే వాళ్లని ఓ చిన్న సందేహం అడిగి చూడండి.

రామకృష్ణాపూర్‌లో మా బాబాయి కొడుక్కి డీటీపీ సెంటరుంది. దరఖాస్తులు, శుభలేఖలు, కరపత్రాలు... అన్నీ అక్కడే. నేను సెలవుకి వెళ్లినప్పుడు ఓ సాయంత్రం ఒకావిడ పెన్‌డ్రైవ్‌ పట్టుకుని వచ్చింది. సింగరేణిలో పనిచేస్తూ భర్త చనిపోయాడు. కొడుక్కి డిపెండెంటు ఉద్యోగం కోసం మంచిర్యాలలో టైపు చేయించిన అర్జీ అందులో ఉంది. ‘‘పొద్దుగాల్నే ఇయ్యాలె బిడ్డా’’ అంది. తీరా తెరిస్తే తెలుగు లేదు. తలాతోకా లేని ఇంగ్లిషు అక్షరాలు!

తెలిసిన సాఫ్ట్‌వేర్‌ అభిమానులకి ఫోన్లు కలిపాను. ‘‘ఇంకా విండోసేనా? అది పీకేసి లినక్స్‌ వేయండి’’ అన్నాడొకాయన. ఆ ముక్క రెండో ఆయనకి చెబితే, ‘‘లినక్స్‌ అనకూడదు, గ్నూ లినక్స్‌ అనాలి’’ అంటూ పావుగంట పాఠం. ‘‘యూనికోడ్‌ రానివాళ్లకి తెలుగు టైపింగెందుకు?’’ అన్నాడు మూడో ఆయన. ఆవిడేమో గోడ గడియారం వంక చూస్తోంది.

నాలుగో ఆయన ఒకటే అడిగాడు... ‘‘ఏ ఫాంటులో కొట్టారు?’’

కిటుకంతా అక్కడే ఉంది. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అసలు అద్దెదారులే కనిపిస్తారు. 1991లో యూనికోడ్‌ మన అక్షరాలకి సొంత గదులిచ్చింది కాబట్టి అందులో ఈ బాధ లేదు. ఫైల్లో ఫాంటు పేరు చూశాం. పక్క షాపులో అది ఉంది. పది నిమిషాల్లో అర్జీ ఆవిడ చేతిలో ఉంది.

అలాగని అభిమానుల్ని తీసిపారేయలేం. 1983లో రిచర్డ్‌ స్టాల్‌మన్‌ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినా, 1991లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ లినక్స్‌ విడుదల చేసినా అవి నిలబడింది ఇలాంటివాళ్ల వల్లే. మన దగ్గర ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు కంప్యూటర్‌ మెనూలను తెలుగులోకి తెచ్చిందీ ఆ పిచ్చిప్రేమతోనే. ప్రేమ తప్పు కాదు. ఎదుటివాళ్ల అవసరం కనిపించనంత ప్రేమతోనే చిక్కు.

ఈ విషయం సింగరేణి వాళ్లకి బాగా తెలుసు. అక్కడ 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. గేటు మీటింగుల్లో ఒకరి జెండాని ఒకరు ఏకిపారేస్తారు. కానీ గనిలో పైకప్పు కూలిందంటే, కింద చిక్కుకున్నవాణ్ని ‘నీది ఏ యూనియన్‌?’ అని ఎవరూ అడగరు. ముందు బయటికి లాగుతారు.

అభిమానులూ, మీ సాఫ్ట్‌వేర్‌ గొప్పదే. చాయ్‌ తాగుతూ తీరిగ్గా వింటాం. ముందు అడిగినదానికి జవాబు చెప్పండి. జెండా సంగతి తర్వాత!