"ఇంకా పూర్తిగా బాగవలేదా?" అని అడిగే ముందు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా పెదనాన్నకి పక్షవాతం వచ్చి 14 నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తున్నాడు. చెయ్యి భుజం దాకా లేస్తుంది గానీ వేళ్లకి పట్టు రాలేదు. మాటలు పదో ఇరవయ్యో తిరిగొచ్చాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా పూర్తిగా బాగవలేదా?" అంటారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినడు.

మెదడులో చచ్చిపోయిన భాగం మళ్లీ పుట్టదు. మిగతా భాగాలు ఆ పనిని కొత్తగా నేర్చుకోవాలి. రోజూ కసరత్తు చేయించేది అందుకే. మొదటి 3 నెలల్లో మార్పు త్వరగా కనబడుతుంది, 6 నెలలు దాటాక నెమ్మదిస్తుంది. ఆగిపోయినట్టు మాత్రం కాదు. కొందరు మునుపటిలా అవుతారు, కొందరికి లోటు ఉండిపోతుంది. పక్క ఊరాయన లేచి పొలానికి పోతున్నాడని మన మనిషిని పోల్చొద్దు. మా ఇంట్లో ఇప్పుడు లెక్క వేరు: ఎడం చేత్తో చొక్కా గుండీ పెట్టుకున్నాడా, ఎండబెట్టిన కాఫీ గింజలు ఏరాడా, అంతే.

మాట రాకపోతే బుద్ధి పోయినట్టు కాదు. ఆయనకి చాలావరకు అర్థమవుతుంది. ఆయన ముందే "ఇక ఇంతేలే" అనొద్దు. ఫిజియోథెరపీ ఆయన తెలుగులో చెప్పినదాన్ని మేం కువిలో చెప్తే పెదనాన్న చక్కగా చేస్తాడు. చదువుకున్న మనం ఆ మాత్రం చెయ్యగలం కదా.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొద్దు, భుజం జారుతుంది. పడుకోబెట్టి తినిపించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊరికే ఏడుస్తున్నా, ఎవరితో కలవకపోయినా అది మొండితనం అనుకోవద్దు, జబ్బు వల్ల కూడా వస్తుంది. డాక్టరుకి చెప్పాలి.

మా ఊళ్లోనూ పావురం రక్తం రాయమన్నారు. దానితో నరాలు బాగవ్వవు. దిసారి దగ్గర మొక్కుకోవడం మన నమ్మకం, తప్పుపట్టం. కానీ మొదటి గంటలు దానికి పోకూడదు. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి జారిపోతున్నా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్లు, మందు ఏదీ పొయ్యొద్దు. చివరిసారి బాగున్న టైము గుర్తుపెట్టుకోండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు. అది గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ స్కాన్‌లోనే తెలుస్తుంది. అందుకే స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. డోలీలో రోడ్డు దాకా మోయాల్సిన ఊళ్లకి ప్రతి నిమిషం లెక్కే.

ఆదివాసీల్లో పెద్దవాళ్లు నలుగురిలో ఒకరికి బీపీ ఉందని 2018లో కేంద్ర ప్రభుత్వ నిపుణుల కమిటీ చెప్పింది. పక్షవాతానికి పెద్ద కారణం అదే. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. బాగానే ఉందని మాత్రలు ఆపేస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల్ని సబ్ సెంటర్‌కి తీసుకెళ్లి బీపీ చూపించండి. ఎంత వచ్చిందో కింద కామెంట్లో రాయండి.