తరుగు ఎంత తీయాలి?

బోధన్ బస్సు అర్సపల్లి దాటేదాకా మా మేనల్లుడు నోరు విప్పలేదు. ఒళ్లో అట్టపెట్టె, అందులో రోబో. నిజామాబాద్‌లో ఒక పోటీకి వెళ్లి వస్తున్నాం. మ్యాట్ మడతలో రోబో ఇరుక్కుంటే, వాడు రెండుసార్లు చేత్తో తీసి బేస్‌లో పెట్టాడు. "ముట్టుకుంటే ఆ రౌండ్ సున్నా" అన్నారు. అప్పటికి వచ్చిన 90 పాయింట్లూ పోయాయి. ఆ మాట ఆటకు ముందు ఎవరూ చెప్పలేదు. నాకది ఇంకా మింగుడు పడలేదు.

"ఫస్ట్ లెగో లీగ్‌లో అట్ల ఉండదు మామా" అన్నాడు సారంగాపూర్ దగ్గర. ఆ రోబో పోటీలో ఆట రెండున్నర నిమిషాలు. ఆరు టోకెన్లు ఇస్తారు. బేస్ బయట తిరిగే రోబోను చేత్తో ఆపితే ఒకటి తీసుకుంటారు. ఆరూ మిగిలితే 50 పాయింట్లు, ఐదు మిగిలినా 50, నాలుగైతే 35. మొదటి పొరపాటుకు నష్టమే లేదు. రోబో అప్పటికే చేసిన పని ఎక్కడికీ పోదు. ఆ లెక్కన వీడికి పోవలసింది 15.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు. "మా వడ్ల తరుగు లెక్కనే ఉన్నది గద బిడ్డా! తేమ 17 శాతం దాటిందంటే మీటరు వెట్టి సూపియ్యమను, ఒప్పుకుంట. లారీ మిల్లుకు వోయినంక ఫోన్ జేసి ఇన్ని కిలోలు కోసినమంటే ఎట్ల?"

ఆయన ఒకప్పుడు శక్కర్‌నగర్‌కు చెరుకు తోలిన రైతు. 1937లో అక్కడ పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరుకు ధరలోనూ కోత ఉంది. ఫ్యాక్టరీ రికవరీ, అంటే చెరుకులోంచి వచ్చే చక్కెర, 10.25 శాతం కంటే తగ్గితే కేంద్రం నిర్ణయించే ధర తగ్గుతుంది. కానీ 9.5 కిందికి ఎంత పడినా ఇక కోయరు. ఫ్యాక్టరీకీ శిక్ష ఉంది: 14 రోజుల్లో డబ్బులివ్వకపోతే 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి ఉత్తర్వు. రెండు వైపులా కట్టడి ఉన్న ఈ పద్ధతి నాకు నచ్చింది.

"మరి మ్యాట్ మడత వాళ్లదే గదా మామా, వాళ్లకేం తరుగు?"

మళ్లీ ఒక రౌండ్ ఇవ్వడమే, అన్నాను. వాడు అట్టపెట్టె మీదే నోట్‌బుక్ పెట్టి నిర్వాహకులకు ఉత్తరం మొదలుపెట్టాడు. ఎడపల్లి దాటేసరికి రెండు కోరికలు రాశాడు: కోతల పట్టిక ఆటకు ముందే టేబుల్ దగ్గర అంటించాలి, మ్యాట్ చెడితే రౌండ్ మళ్లీ ఆడించాలి. 90 పాయింట్లు తిరిగి ఇమ్మని మాత్రం రాయలేదు.