గింజ నలగకూడదు

నంద్యాల వైపు పుల్లగూర చేసే తీరులో పైకి కనిపించే రహస్యమేమీ లేదు. ఆకుకూర, టమాటా, పచ్చిమిరక్కాయలు, ఉల్లిగడ్డ, కాస్త చింతపండు వేసి ఉడికిస్తారు. ఉడికిన నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనుపుతారు. వంచిన నీళ్ళను కొద్దికొద్దిగా మళ్ళీ పోసుకుంటూ చిక్కదనం చూసుకొని తిరగమాత పెడతారు. రుచంతా ఆ ఎనపడంలో ఉంది. గుత్తి కింద ఆకు మెత్తబడుతుంది గానీ ఈనె కొంచెం పంటికి తగులుతుంది. మిరక్కాయ చీలి కారం వదులుతుంది, పిండి మాత్రం కాదు. టమాటా గుజ్జు విడిపోయి, తోలు సన్నగా చుట్టుకొని పక్కకు వస్తుంది. ఇవే దినుసులను మిక్సీ జారులో వేసి ఒక్క తిప్పు తిప్పండి. పాలిపోయిన పచ్చటి ద్రవం, దాని మీద నురగ, సంగటి ముద్దకు అంటకుండా జారిపోయే చారు వస్తుంది. దినుసులూ ఉప్పూ పొయ్యీ అన్నీ అవే అయినప్పుడు తేడా నలిగిన తీరులోనే ఉండాలి కదా. నలపడమంటే ఒకే పని అనుకోవడం దగ్గరే మన వంటిల్లు పొరబడింది. అందులో కోత ఒకటి, అదుము ఒకటి. కోతకు కరెంటు వచ్చాక అదుమును వదిలేశాం.

మిక్సీ బ్లేడు ఖాళీగా తిరిగితే నిమిషానికి దాదాపు 18,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో దానికి గుజ్జూ గింజా ఒకటే. తోలు, ఈనె, గింజ అన్నిటినీ ఒకే సన్నానికి నరుకుతుంది, నరుకుతూ గాలిని కూడా లోపలికి లాగుతుంది. ఎర్రగా పండిన టమాటా జారులో పడగానే గులాబీ రంగుకు తిరిగేది ఆ గాలి బుడగల వల్లే. గింజ చితికితే దాని వగరూ కలుస్తుంది. ఉడికిన ఆలుగడ్డనైతే చెప్పనక్కర్లేదు, పిండిపదార్థం బయటపడి బంక అవుతుంది. ఈ బంక రాకుండా నలిపే దారి వేరే ఉంది. 1932లో ఫ్రాన్సులో జాన్ మాంతలే అనే ఆయన చేత్తో తిప్పే ఒక చిన్న మరను తయారుచేశాడు. ఆయన పెట్టిన వ్యాపారమే తరవాత మూలినెక్స్ కంపెనీ అయింది. ఆ మరలో ఉండేది ఒక గిన్నె, దాని అడుగున చిల్లుల పళ్ళెం, పళ్ళెం మీద ఏటవాలుగా ఒక రేకు, పైన పిడి, అంతే. పిడి తిప్పితే రేకు ఉడికిన కాయను చిల్లుల మీద అదుముతుంది. గుజ్జు కిందికి దిగుతుంది, తోలూ గింజలూ పైన మిగిలిపోతాయి. చిల్లులు పూడుకుపోతే వెనక్కి ఒక చుట్టు తిప్పితే చాలు, చిక్కుకున్న తోలు లేచి వస్తుంది. దీన్ని ఫుడ్ మిల్ అంటారు. పిండి మర అనే మాట మనకు ఉంది కాబట్టి దీన్ని గుజ్జు మర అనుకుందాం.

టమాటా విషయంలో ఈ మర చేసే మేలు ఇంకొకటుంది. గింజలు వద్దనుకునేవాళ్ళు కాయను కోసి, వేలితో గింజలను గీకి పారేస్తారు. గింజ చుట్టూ ఉన్న జిగురు కూడా వాటితోపాటే పోతుంది. కండకంటే ఆ జిగురులోనే పులుపూ రుచీ ఎక్కువ. గుజ్జు మరలో జిగురు కిందికి దిగి గింజ ఒక్కటే పైన ఆగుతుంది. ఒక్క జాగ్రత్త కావాలి, కాయను ముందు ఉడికించాలి. పచ్చిగా నలిపి వదిలేస్తే కాయలోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొడతాయి, కాసేపటికి గుజ్జు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు అవుతాయి. వేడి తగిలితే ఆ ఎంజైముల ఆట కడుతుంది.

పిడి పట్టి తిప్పడం నంద్యాలకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. ఇసుర్రాయి అదే కదా. కింది రాయి కదలదు, పై రాయికి నడిమిట్లో గింజలు పోసే కన్నం, అంచున కర్రపిడి. కందులు బద్దలయ్యేదీ జొన్నలు పిండయ్యేదీ దానిలోనే. అయితే అది పొడి గింజల పని. తడి పనికి రోలు, మెత్తటి పనికి పప్పుగుత్తి, వడకట్టడానికి జల్లెడో, లేదంటే చింతపండు పిసికే చెయ్యో. ఒక్కో పనికి ఒక్కో సాధనం ఉండటం వెనక చాదస్తమేమీ లేదు, ఒక్కో తిండిని ఒక్కోలా నలపాలని తెలిసిన తెలివి అది. బుడ్డలతో, అంటే వేరుశనగలతో చేసే ఊరిబిండి అనే రోటి పచ్చడిని తీసుకోండి. మిరక్కాయలూ ఉప్పూ ముందు నలగాలి, వేయించిన బుడ్డలు తరవాత పడి పలుకుగా ఆగాలి, ఉల్లిగడ్డ ఆఖర్న పడి రెండు పోట్లకు చితికితే చాలు. ఒకే రోట్లో మూడు రకాల మెత్తదనం. కొర్రన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి తిన్న నేల ఇది. 1906 నుంచి నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి కొర్ర రకాలను ఇచ్చిన చోటు. ఈ తిండి గింజలకు సొంత రుచి మెత్తన, ఒళ్ళు గరుకు. వాటి పక్కన నిలవాలంటే నంజుకునేదానికి పట్టు ఉండాలి. జొన్నరొట్టె ముక్కతో పలుకున్న ఊరిబిండిని తుంచి తీసుకోవచ్చు. మిక్సీ పచ్చడిని మాత్రం రొట్టె పీల్చేసుకొని మెత్తబడి ఊరుకుంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది చిన్నదేమీ కాదు. రోలూ ఇసుర్రాయీ ఆడవాళ్ళ రెక్కలు విరిచిన వస్తువులు. రుచి గురించి వ్యాసాలు రాసేవాళ్ళలో పొత్రం పట్టినవాళ్ళు తక్కువ. 1955 ప్రాంతంలో కోయంబత్తూరులో తడి గ్రైండరు, 1963లో సుమీత్ మిక్సీ వచ్చి ఆ చాకిరీని తగ్గించాయి, తగ్గించి మంచి పని చేశాయి. ఇడ్లీపిండి చేత్తో రుబ్బమనేవాణ్ణి రోటి దగ్గర కూచోబెట్టి మూడు రోజులు రుబ్బిస్తే వాదం తనంతట అదే ఆగిపోతుంది. నేను అడిగేది అది కాదు. గుజ్జు మర బరువు పని కాదు, ఉడికిన కాయ మీద పిడి తేలిగ్గా తిరుగుతుంది, ఇంట్లో ఎవరైనా తిప్పొచ్చు, మగవాళ్ళు కూడా. రాతిలో నూరితే పోషకాలు నిలుస్తాయి, మిక్సీ వేడికి చచ్చిపోతాయి అనే వాట్సాప్ వాదాన్ని కూడా నేను అరువు తెచ్చుకోను. పొయ్యి మీద కుతకుత ఉడికిన కూరకు మిక్సీ వేడి ఒక లెక్కా?

మిక్సీని ఆపి ఆపి తిప్పితే బరకగా రాదా అని ఇంకొకరు అంటారు. పొడి కారానికి వస్తుంది. తడి వంటకానికి లెక్క వేసి చూడండి. నిమిషానికి 18,000 అంటే సెకనుకు 300 చుట్లు. లోడు పడి వేగం తగ్గినా, మీట మీద చెయ్యి అలా వేసి ఇలా తీసేలోపు బ్లేడు వంద చుట్లు తిరిగే ఉంటుంది. అడుగున ఉన్నది పేస్టవుతుంది, పైన ఉన్నది ముక్కగానే ఉంటుంది, రెండూ కలిసి బరక అనిపించుకుంటాయి. పిడి తిప్పే చేతికి మాత్రం ప్రతి చుట్టులోనూ కాయ ఎంత నలిగిందో తెలుస్తుంది.

ఈ తేడా ఆళ్లగడ్డలో అడిగితే బాగా చెబుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన రాతి శిల్పాల ఊరది. అక్కడి పనిశాలల్లో ఇప్పుడు బండను కోయడానికి, అదనపు రాయి తీసెయ్యడానికి కరెంటు కటింగ్ మిషన్లు వాడతారు, దుమ్ము లేచిపోతుంది. విగ్రహం కన్ను దిద్దేటప్పుడు మాత్రం చేతిలోకి ఉలి వస్తుంది. ఆ ఉలి వెనక మిషన్ మీద పగ లేదు, ఎక్కడ ఆగాలో తెలియాల్సిన పనిని చేతికి వదిలారు, అంతే. వంటింటికి ఇంతకంటే మంచి పనుల పంపకం నాకు తోచడం లేదు. పిండి, పొడి, మసాలా మిక్సీకి ఇవ్వండి. తోలూ గింజా ఉన్నవాటిని అదుముకు ఇవ్వండి.

ఎందుకంటే కొన్ని గింజలు నలిగితే రుచి చెడటంతో పోదు. వానాకాలం చివర నల్లమల సీతాఫలాలు గంపల్లో దిగుతాయి. సీతాఫలం గింజ విషపూరితం. పేల మందుగా, పురుగుమందుగా వాడిన గింజ అది, దాని పొడి కంట్లో పడితే కన్ను పాడవుతుంది. అలాంటి పండును గింజలతో సహా జారులో వెయ్యడం ప్రమాదం. పెద్ద చిల్లుల పళ్ళెం మీద నిదానంగా తిప్పితే నున్నటి గింజ జారుకుంటుంది, గుజ్జు దిగుతుంది. టమాటాది వేరే కథ, అక్కడ మర నిల్వకు పనికొస్తుంది. ధర పడిపోయిన ఏడు పత్తికొండ మార్కెట్ దగ్గర రైతులు కాయను రోడ్డు మీద పారబోసిన వార్తలు మనం చాలాసార్లు చదివాం. అలాంటి వారంలో ఇంటికి పది కిలోలు కొని, ఉడికించి, మర తిప్పి, గుజ్జును సగానికి మరిగించి సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ధర మండే నెలల్లో పనికొస్తుంది. సీసాలో కొంచెం ఖాళీ వదలండి, గడ్డకట్టేటప్పుడు గుజ్జు ఉబ్బుతుంది.

మరను కడగడం ఒక తలనొప్పి, ఒప్పుకుంటాను. తిప్పిన వెంటనే నీళ్ళలో వెయ్యకపోతే చిల్లుల్లో తోలు ఎండి గోటికి కూడా రాదు. అయినా కొనేవాళ్ళు స్టీలుదే కొనండి, పళ్ళేలు మారేది చూసుకోండి, చింతపండుకూ సీతాఫలానికీ ఒకే చిల్లు సరిపోదు. కొననివాళ్ళకు పప్పుగుత్తి ఎలాగూ ఉంది. మిక్సీని అటకెక్కించమని నేను అనను, పుల్లగూర గిన్నె దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి.