చుట్టాలొస్తే కంగారెందుకు?

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ఏం చేద్దాం, ఎన్ని రకాలు చేద్దాం అని మనకొకటే హడావుడి. తీరా వాళ్లొచ్చాక మనం పొయ్యి దగ్గర, వాళ్లు టీవీ ముందు! లూకా సువార్తలో మార్తదీ ఇదే అవస్థ కదండీ. ప్రభువు ఇంటికొచ్చి కూర్చుంటే ఆవిడ పనుల్లో మునిగిపోయి, సాయం పట్టడం లేదని చెల్లెలు మరియ మీద ఫిర్యాదు చేసింది.

ఈ కంగారుకు ఇటలీవాళ్ల దగ్గర చక్కని మందుంది. పేరు బ్రుస్కెట్టా. భోజనానికి ముందు పెట్టే చిరుతిండి. గట్టి రొట్టెను వేలెడు మందాన కోసి, నిప్పుల మీదో పెనం మీదో రెండువైపులా కాల్చండి. వేడిగా ఉండగానే పచ్చి వెల్లుల్లి రెబ్బతో రుద్దండి. కాలి గరుకెక్కిన రొట్టె కోరాంలా పనిచేస్తుంది, వెల్లుల్లి దానంతటదే అరుగుతుంది. పైన ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు. అంతే!

టస్కనీలో కొత్త నూనె గానుగ నుంచి రాగానే రుచి చూసేది ఇలాగే. అక్కడ దీన్ని ఫెత్తుంతా అంటారు. వాళ్ల రొట్టెలో ఉప్పు వేయరు కాబట్టి పైన చల్లక తప్పదు. మరి టమాటాలో అంటారా? అవి అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో యూరప్ చేరినవి. వేసుకోవాలంటే గింజలు తీసేసి, సన్నగా తరిగి, ఉప్పు కలిపి కాసేపు వడకట్టండి, లేకపోతే రొట్టె మెత్తబడిపోతుంది. బేసిల్ ఆకులు చేత్తో తుంచి వేయండి. మనం నానబెట్టుకు తాగే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే.

దీన్ని ముందే చేసి దాచలేం, కాల్చిన వెంటనే తినాలి. అందుకే వచ్చినవాళ్లను వంటింట్లోకే పిలవండి. ఒకరు వెల్లుల్లి రుద్దుతారు, ఒకరు నూనె పోస్తారు, కబుర్లూ సాగుతాయి.

ఆ ఇటలీలోనే 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి మఠాలకో నియమావళి రాశాడు. అందులో 53వ అధ్యాయమంతా అతిథుల గురించే. వచ్చిన ప్రతివారినీ క్రీస్తునే ఆహ్వానించినట్టు ఆదరించాలన్నాడు. మఠాధిపతి తానే అతిథి చేతులకు నీళ్లు పోయాలి. ముఖ్యమైన ఉపవాస దినం కాకపోతే అతిథి కోసం ఉపవాసం కూడా విడవాలి. అతిథులు వేళాపాళా లేకుండా వస్తారు కనుక వాళ్లకు వంటగది వేరే ఉండాలి. పేదల మీద, యాత్రికుల మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టమన్నాడు. డబ్బున్నవాళ్లకు భయం వల్లనైనా మర్యాద దక్కుతుందట! ఎంత లోకం చూసినవాడో చూడండి. ఇంత చెప్పినాయన, విందులో ఇన్ని రకాలు ఉండాలని మాత్రం ఆ అధ్యాయంలో ఎక్కడా పెట్టలేదు.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఒంటరిగా ఇంటిదారి పట్టేవాళ్లు ఎవరో కాస్త చూడండి. పిలవండి. నాలుగు రొట్టె ముక్కలు, రెండు టమాటాలు ఉంటే చాలు.